ఉల్లిపాయలు తరిగిన కత్తి

అక్క కూతురు ఈసారి టెన్త్, సెలవులకి వచ్చి మొన్న గ్రామర్ పుస్తకం ముందేసుకు కూర్చుంది. "పిన్నీ, మనుషులకి హూ, వస్తువులకి విచ్, అదంతా నాకొచ్చు, అయినా తప్పులే పడుతున్నాయి" అంది. నోట్స్ చూస్తే "ద స్కూల్ విచ్ ఐ స్టడీడ్" అని ఉంది. పాపం దాని తప్పేం లేదు, తెలుగులో ఆలోచించి రాసింది.

చూడండి, "నేను చదివిన పుస్తకం", "నేను చదివిన స్కూలు", రెండు చోట్లా అదే "చదివిన". పుస్తకాన్ని చదివాం, స్కూల్లో చదివాం, కానీ "చదివిన" అని క్రియాజన్య విశేషణం, అంటే క్రియలోంచి పుట్టిన విశేషణం, చేసేసరికి ఆ "ని", ఆ "లో" రెండూ మాయం, అయినా వినేవాళ్ళకి అర్థమైపోతుంది, నాకు తెలుగులో ఎంతో ఇష్టమైన సంగతి ఇది. ఇంగ్లీషులో అలా కుదరదు, ఆ "లో" ఎక్కడో ఒకచోట కనపడాల్సిందే. అందుకే ద బుక్ విచ్ ఐ రెడ్, కానీ ద స్కూల్ వేర్ ఐ స్టడీడ్, లేదంటే ఇన్ విచ్.

దానికి ఇంకా అనుమానంగానే ఉంది, సరే అని వంటింట్లోకి తీసుకెళ్ళి "ఉల్లిపాయలు తరిగిన కత్తి" అని చూపించా. తరిగింది కత్తినా, కత్తితోనా? "కత్తితో" అంది. మరి ఆ "తో" ఏది? ద నైఫ్ విత్ విచ్ ఐ కట్ ద ఆనియన్స్, మాట్లాడేటప్పుడైతే ద నైఫ్ ఐ కట్ ద ఆనియన్స్ విత్, విచ్ వదిలేసినా పర్లేదు గానీ విత్ మాత్రం వదలకూడదు. అప్పుడు వెలిగింది దాని మొహం!

హూజ్ కూడా ఇంతే. "నాన్న ఊళ్ళో లేని పిల్లాడు" అంటాం, ఎవరి నాన్నో చెప్పం, ఇంగ్లీషులో ద బాయ్ హూజ్ ఫాదర్ అని చెప్పి తీరాలి.

ఇంకో తప్పు కూడా చాలామంది చేస్తారు, "ద పెన్ విచ్ ఐ బాట్ ఇట్" అని. విచ్ వచ్చిందంటే ఆ ఇట్ పని అదే చేసేస్తోంది, మళ్ళీ ఇట్ ఎందుకు.

రాత్రి పడుకునే ముందు తనే ఒకటి రాసి తెచ్చింది, "ద రూమ్ ఐ స్లీప్ ఇన్". చివర్లో ఆ ఇన్ చూసి నాకెంత సంతోషమేసిందో.