పాలిస్తున్నా నెల తప్పింది

పొదిలి దగ్గర పొగాకు ఆకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్లతో నిన్న చాలాసేపు మాట్లాడాను. వారిలో ఒకామెకు చంటిబిడ్డకు ఏడాది నిండకముందే మళ్లీ నెల తప్పింది. "పాలిస్తున్నాను కదా అక్కా, రాదనుకున్నాను" అంది.

పాలివ్వడం రక్షణే. కానీ బిడ్డకు ఆరు నెలలు దాటకూడదు, తల్లిపాలు తప్ప మరేమీ పట్టకూడదు, నెలసరి తిరిగి మొదలు కాకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్షణను నమ్ముకోలేం. ఈ మాట కాన్పు రోజునే ఆమెకు ఎందుకు చెప్పలేదని నాకు కోపం వచ్చింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. అంటే భారమంతా ఆమెదే, అదీ కాన్పులన్నీ అయ్యాకే. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం కోసం గర్భసంచిలో అమర్చే కాపర్-టి, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, గర్భం రాకుండా మింగే ఛాయ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అయినా "కాపర్-టి గుండెకు పాకుతుందట" అనే భయం, అత్తగారి మాట, వలస నుంచి ఎప్పుడొస్తాడో తెలియని భర్త, ఇవన్నీ అడ్డు.

"ఆయన సంతకం లేకుండా డాక్టరమ్మ చూస్తుందా?" అని కూడా ఆ తల్లి అడిగింది. చూడాల్సిందే. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నదానికి చట్టం భర్త సంతకం కోరదు, ఆమె సమ్మతి చాలు. సోమవారం ఆమెతో కలిసి నేనూ ఆసుపత్రికి వెళ్తున్నాను.