అమ్మ ఇన్సులిన్‌తో విమాన ప్రయాణం

గత నెలలో అమ్మను బెంగళూరు నుండి విశాఖపట్నం తీసుకువెళ్ళేటప్పుడు, బట్టల కంటే ముందు ఆమె మందుల సంచి సర్దాను. ఇన్సులిన్‌ను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. అక్కడి చలికి గడ్డకట్టిందంటే తరువాత కరిగినా వాడటానికి పనికిరాదు, పైగా సామాను దారి తప్పితే ఆ రాత్రి మోతాదు కూడా చేతిలో ఉండదు. తెరవని ఇన్సులిన్ పెన్నులు (మందు నింపి ఉండే, పెన్ను ఆకారపు సూది పరికరాలు) 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి కనుక, వాటిని ఐస్ ప్యాక్‌తో పాటు చేతిసంచిలోనే ఉంచి, మంచు నేరుగా తగలకుండా మధ్యలో అమ్మ పాత నేత తువ్వాలును రెండు మడతలు వేశాను.

డాక్టరు చీటీని, సూదులను భద్రతా తనిఖీ వద్ద అడగకముందే చూపించాను. వీల్‌చైర్‌ను టికెట్టు కొన్నప్పుడే అడిగి పెట్టాను, "నేను నడవలేనా?" అని అమ్మ నొచ్చుకుంది, ఆ మాట నన్ను ఇంకా బాధిస్తోంది.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించింది తిండి వేళ. బెంగళూరు జయనగరం నుండి దేవనహళ్ళిలోని విమానాశ్రయం చేరేసరికే రెండు గంటలు పట్టవచ్చు, ఆపైన విమానం ఆలస్యం కావచ్చు. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌ను తిండి ఎదురుగా లేకుండా వేసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే ఇడ్లీల డబ్బా తెరిచి అమ్మ ఒడిలో పెట్టిన తరువాతే పెన్ను మూత తీశాను.