ఈల గుర్తుతో ఒక ఆదివారం

నవంబర్ 26, 2023. రాత్రి పదిన్నర.

కాళ్లు లాగుతున్నాయి. తెల్లవారి ఐదున్నరకు గడప దాటితే మళ్లీ ఇంట్లో అడుగు పెట్టేసరికి రాత్రి ఎనిమిదిన్నర అయింది. అన్నం తిని పడుకోవాల్సిందే, కానీ ఇవాళ్టివి ఇవాళే రాసుకోకపోతే రేపటికి ఒక ఇంటి మాట ఇంకో ఇంటి మాటలో కలిసిపోతుంది. అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ గురువారం. ఎల్లుండి సాయంత్రం ఐదింటికి ప్రచారం ఆపేయాలి. నిండా రెండు రోజులు కూడా లేవు.

దీపావళికి ఊరొచ్చి, హైదరాబాద్ అశోక్‌నగర్‌లోని రూముకు తిరిగి వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయాను. రాయాల్సిన గ్రూప్-2 జనవరికి వాయిదా పడింది. పుస్తకాలు ఇక్కడా చదవొచ్చు అని ఇంట్లో చెప్పాను. అసలు కారణం వేరే ఉంది. కొల్లాపూర్ నియోజకవర్గంలో కర్నె శిరీష స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. అందరూ బర్రెలక్క అంటారు. పెద్దకొత్తపల్లి మండలం మరికల్ అమ్మాయి. డిగ్రీ చదివినా ఉద్యోగాలు రావడం లేదని, అందుకే బర్రెలు కొనుక్కున్నానని ఆమె పెట్టిన వీడియో చూసినప్పుడు నేను అశోక్‌నగర్‌లో ఐదు రూపాయల భోజనం కోసం లైన్‌లో నిలబడి ఉన్నాను. మా లైన్‌లో సగం మంది ఆ వీడియోనే చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇవాళ నలుగురం, రెండు బండ్లు. నేను, మా చిన్నమ్మ కొడుకు, డిగ్రీలో నాతో చదివిన ఇద్దరు. శిరీష అక్క వేరే మండలంలో తిరుగుతోంది. మాకు ఇచ్చిన పని జటప్రోలు వైపు ఉన్న ఒక చిన్న ఊరు, దాని పక్కన రెండు తండాలు. చేతిలో ఐదు వందల కరపత్రాలు, మెడలో ఈలలు. అంతే మా సరంజామా.

పొద్దున్నే వెళ్లడానికి కారణం పత్తి. ఈ నెలంతా పత్తి ఏరుడు, వరి కోతలు. ఏడు దాటితే ఊళ్లో ముసలివాళ్లు, చిన్నపిల్లలు తప్ప ఎవరూ దొరకరు. మేం వెళ్లేసరికి కూలీల ఆటో కదలడానికి సిద్ధంగా ఉంది. పదిహేను మంది ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు కూర్చుని ఉన్నారు. మావాడు ఈల ఊదాడు. డ్రైవరు ఇంజన్ ఆపలేదు, కానీ రెండు నిమిషాలు ఆగాడు. ఆ రెండు నిమిషాల్లో నేను చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయాను. నోట్లోంచి వచ్చింది ఒక్కటే: "పెద్దమ్మా, అక్కా, మేం ఏ పార్టీ కాదు. ఉద్యోగాల్లేని పిల్లలం."

ఒకామె సూటిగా అడిగింది. "ఎంతిస్తరు?"

"ఏం ఇయ్యలేం అక్కా."

"మరి ఓటు రోజు మా కూలి పోతది గదా. కిలో లెక్కన ఏరుతం. ఏరకుంటే రూపాయి రాదు."

ఊరికే కొట్టిపారేసే మాట కాదు అది. రాత్రి దాకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఓటుకు డబ్బు తీసుకోవడం తప్పని పట్నంలో కూర్చుని నేనూ అన్నాను. పోలింగ్ రోజు సెలవు, జీతం కోయకూడదు అని చట్టంలో ఉంది. కానీ కిలో లెక్కన పత్తి ఏరే మనిషికి ఎవరు లెక్క రాసి ఇస్తారు? ఆమె అడిగింది లంచం అని నాకు అనిపించలేదు. పోయే కూలి సంగతి అడిగింది. నేను ఏం చెప్పలేక, "పొద్దున ఏడింటికే బూత్ తెరుస్తరు, ఓటేసి చేనుకు పోవచ్చు అక్కా" అన్నాను. తల ఊపింది. ఆటో వెళ్లిపోయింది. కరపత్రం మాత్రం మడిచి రవికలో పెట్టుకుంది, నేను చూశాను.

తర్వాత ఇళ్లిళ్లూ తిరగడం. ఒక విషయం చెప్పాలి. స్వతంత్రులకు ఎన్నికల సంఘం దగ్గరున్న ఖాళీ గుర్తుల్లోంచి ఒకటి ఇస్తారు. రోడ్డు రోలరో, చపాతీ కర్రో వచ్చి ఉంటే బొమ్మ చూపించి వివరించాలి. ఈలకి ఆ బాధ లేదు, ఊదితే చాలు. వీధి మొదట్లో ఊదితే చివరి ఇంటి దాకా మేం వచ్చినట్టు తెలుస్తుంది. పిల్లలు మా వెనకాల పడ్డారు. ఒక తండాలో అయితే పిల్లలే ముందు నడిచి, ఏ ఇంట్లో మనుషులున్నారో, ఏ ఇంటికి తాళం ఉందో చెప్పారు.

పదకొండు గంటలప్పుడు వేపచెట్టు అరుగు మీద ఒక తాత కూర్చోబెట్టుకున్నాడు. ఈ ప్రాంతంలో ఏ అరుగు మీద కూర్చున్నా శ్రీశైలం మాట వస్తుంది, వచ్చింది. 1980ల మొదట్లో ప్రాజెక్టు నీళ్లు నిండి, కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగినప్పుడు ఆయన పెళ్లయిన మనిషి. సామాన్లు ఎడ్లబండి మీద వేసుకుని వచ్చామని చెప్పాడు. ముంపు కుటుంబాల్లో ఇంటికొక ఉద్యోగం అని 1986లో జీవో 98 వచ్చింది. కొద్దిమందికి వచ్చాయి, చాలామంది ఎదురు చూస్తూనే ముసలివాళ్లయ్యారు.

"జటప్రోలుల మదనగోపాలస్వామి గుడి జూసినవా? నీళ్లల్ల మునుగుతదని రాళ్లు విప్పి తెచ్చి మళ్ల కట్టిన్రు. దేవునికి జాగ దొరికింది. నా కాయితం మాత్రం గీ పెట్టెలనే ఉన్నది" అన్నాడు.

కాగితం చూపిస్తానని లోపలికి వెళ్లి, రేకు పెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవర్లో మడత పెట్టినదాన్ని తెచ్చాడు. మడతల దగ్గర చిరిగింది. అక్షరాలు సగం పోయాయి. దాన్ని పట్టుకున్నప్పుడు నాకు నా హాల్‌టికెట్లు గుర్తొచ్చాయి. రూములో ఒక ఫైలు నిండా ఉన్నాయి, పారేయడానికి మనసు రాక దాచుకున్నవి. కొల్లాపూర్ తాలూకాలో ఉద్యోగం అనే మాట కోసం ఎదురు చూడటం మా తరంతో మొదలు కాలేదు. మేం కరపత్రంలో రాసుకున్న మొదటి లైను ఈ తాత నలభై ఏళ్ల నుంచి అడుగుతున్నదే. ఇంతకుముందు జీవో 98 గురించి నాకు పరీక్షకు చదివినంత కూడా తెలియదు. తెలియకుండానే ఈ ఊళ్లకు ఓటు అడగడానికి వచ్చానా అని సిగ్గేసింది.

ఆయన ఓటు ఎవరికో చెప్పలేదు. నేనూ అడగలేదు. మంచినీళ్లు ఇచ్చాడు. "ఆ పిల్ల తమ్మునికి దెబ్బలు తగిలినయంట గదా, ఎట్లున్నడు?" అని అడిగాడు. 21వ తేదీన ప్రచారంలో దాడి జరిగిన సంగతి ఈ మూల దాకా వచ్చింది. హైకోర్టు రక్షణ కల్పించమని చెప్పిందని, ఇప్పుడు పోలీసులు తోడుగా ఉంటున్నారని చెప్పాం. "జాగ్రత్త బిడ్డా" అన్నాడు. ఇవాళ అందరికంటే ఎక్కువసార్లు విన్న మాట అదే.

మధ్యాహ్నం గురించి రాయడానికి పెద్దగా లేదు. ఎండ, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, ఒక పంక్చర్. పంక్చర్ అన్న డబ్బులు తీసుకోలేదు.

ఇవాళ్టి రోజులో నాకు మిగిలేది ఒక అవ్వ. ఊరి చివర రేకుల ఇల్లు, ఒక్కతే ఉంటుంది. కొడుకు కోడలు పుణె దగ్గర మట్టి పనికి వెళ్లారు. వయసు ఎంతవ్వా అంటే, "ఎవరు రాసిపెట్టిన్రు" అంది. ఓటరు జాబితాలో 82 ఉంది. ఈసారి 80 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుంది, దానికి ఫారం 12డి ముందే ఇవ్వాలి. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. గడువు పోయింది. నాకు చాలా బాధేసింది. నెల ముందు వచ్చి ఉంటే ఆ ఒక్క కాగితం నేనే నింపి ఇచ్చేవాణ్ని.

అవ్వ బాధ అది కాదు. "పోయినసారి ఎవరో చెయ్యి పట్టుకొని ఒత్తిచ్చిన్రు. దేనిమీద ఒత్తిన్నో నాకే ఎరుకలేదు. ఈసారి నేనే ఒత్తాల" అంది.

అరుగు మీద కూర్చుని నమూనా బ్యాలెట్ పరిచాం. మిషన్ మీద గుర్తింపు పొందిన పార్టీల పేర్లు ముందు ఉంటాయి, మా లాంటి స్వతంత్రులవి చివర్లో వస్తాయి. చదువు రానివాళ్లకు, చూపు మందగించినవాళ్లకు ఆ కిందికి వెళ్లడం కష్టం. పైనున్న పెద్ద గుర్తుల దగ్గరే వేలు ఆగిపోతుంది. అవ్వకు ఒక కంట్లో శుక్లం. బొమ్మ మసక అంది. "నంబరు చెప్పు, లెక్కపెట్టుకుంట." చెప్పాం. కాగితం మీద పై నుంచి ఒక్కొక్క గడి తాకుతూ, నోట్లో లెక్కపెట్టుకుంటూ కిందికి దిగింది. మొదటిసారి ఒక గడి ముందే ఆగింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. మూడోసారి మేం చెప్పకుండానే వచ్చింది. నీలం బటన్ ఒత్తితే ఎర్ర లైటు వెలుగుతుందని, బీప్ అని శబ్దం వస్తుందని, పక్కన అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుందని చెప్పాం. అంతా విని, "సప్పుడు అయితే చాలు, నాకు ఇనబడతది" అంది.

అప్పుడు మా చిన్నమ్మ కొడుకు ఒక మాట అన్నాడు. "అవ్వా, మాకే వెయ్యాలని లేదు. నీకు నచ్చినోళ్లకు వెయ్యి, ఎన్నో నంబరో ఇట్లనే లెక్కపెట్టుకొని వెయ్యి." వాడు ఇంటర్ తప్పాడని ఇంట్లో అందరూ తిడతారు. ఆ మాట వాడికి ఎవరు నేర్పారో తెలియదు. మేమంతా ఓట్లు లెక్కపెట్టుకుంటూ తిరుగుతున్నప్పుడు వాడికి అవ్వ కనిపించింది.

చీకటి పడేసరికి తిరిగి వస్తుంటే పెద్ద పార్టీల వాళ్ల వాహనాలు ఎదురొచ్చాయి. పెద్ద పెద్ద స్పీకర్లు, పాటలు, వెనక వరుసగా కార్లు. ఈ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. మా ఇవాళ్టి ఖర్చు పెట్రోలు, టీలు. పంక్చర్ డబ్బులు అన్న వద్దన్నాడు కదా. పెట్రోలు రసీదు జాగ్రత్తగా జేబులో పెట్టాను. ఎంత చిన్న అభ్యర్థి అయినా ప్రతి రూపాయికీ లెక్క రిజిస్టర్లో రాసి చూపించాలి. రేపు అప్పగించాలి.

ఇంటికొస్తే పెదనాన్న కూర్చుని ఉన్నాడు. ఆయన ఇరవై ఏళ్లుగా ఒక పార్టీ మనిషి. కోప్పడలేదు. "గెలవదురా అయ్యా. గెలిచేటోళ్లతోని ఉంటే రేపు ఏదన్నా పని పడితే అడగొచ్చు" అన్నాడు. ఆయన చెప్పింది ఆయన జీవితంలో నిజం. పింఛను కోసం, బోరు కోసం, ఆసుపత్రి చీటీ కోసం ఆయన ఎంతమంది గుమ్మాల ముందు నిలబడ్డాడో నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఊరివాళ్లకు పనులు చేయించి పెట్టింది ఆయనే. కానీ హక్కుగా రావాల్సిందాన్ని ఇంకొకరి గుమ్మం ముందు నిలబడి అడుక్కోవాల్సి రావడమే నాకు నచ్చనిది. ఆ మాట ఆయనతో అనలేకపోయాను. "సరే పెదనాన్న" అన్నాను. అమ్మ మాత్రం ఆయన వెళ్లాక, "రేపు చీకటి పడకముందే రా, నాకు టెన్షన్‌గా ఉంటది" అంది.

తాళం వేసిన ఇళ్లు పదకొండు. నోట్‌బుక్కులో రాసుకున్నాం. పక్కింటివాళ్లను అడిగి ఆరుగురి ఫోన్ నంబర్లు సంపాదించాం. ఇందాక ఒక్కొక్కరికీ చేశాను. ఇద్దరు ఎత్తలేదు. ముగ్గురు బస్సు పెడతారా అని అడిగారు. బండ్లు పెట్టి ఓటర్లను తేవడం తప్పు, మా దగ్గర డబ్బూ లేదు, రెండూ చెప్పాను. ఆరో అబ్బాయి కూకట్‌పల్లిలో సెంట్రింగ్ పని చేస్తాడట. వాడికి తన పేరు జాబితాలో ఉందో లేదో అనే అనుమానం. వెతికాను, ఉంది. వరుస నంబరు, బూత్ నంబరు వాట్సాప్‌లో పంపాను. ఇప్పుడే జవాబు వచ్చింది: "బుధవారం రాత్రి బస్సుకు వస్తున్న అన్నా."

డిసెంబర్ 3, రాత్రి.

కాంగ్రెస్ అభ్యర్థి జూపల్లి కృష్ణారావు గెలిచారు. అక్కకు 5,754 ఓట్లు. నాలుగో స్థానం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాలేదు కాబట్టి డిపాజిట్ పోయింది. పొద్దుటి నుంచి ఫోన్ పట్టుకునే ఉన్నాను. నేను ఇంకా ఎక్కువ అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు, ఏడుపొచ్చింది. సాయంత్రానికి ఆ అంకెను మళ్లీ చూశాను. డబ్బు తీసుకోకుండా, బండి ఎక్కించకుండా, అంత కిందున్న గడి వెతుక్కుని ఒత్తిన 5,754 మంది. వాళ్లలో నేను చేత్తో కరపత్రం ఇచ్చినవాళ్లు కొందరైనా ఉంటారు.

కూకట్‌పల్లి అబ్బాయి ఫోన్ చేశాడు. ఓటేసి అదే రాత్రి వెనక్కి వెళ్లాడట. "మన ఊరి బూతులో ఈలకి ఎన్ని పడ్డయి అన్నా?" అని అడిగాడు. బూతుల వారీ లెక్క ఫారం 20లో వస్తుంది, వచ్చాక చూసి చెప్తా అన్నాను.