నేల పదును, వెడ్జ్ పదును

పోయిన శనివారం మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. గోల్ఫ్ మొదలుపెట్టి ఏడాది కాలేదు తను. "అక్కా, 60 డిగ్రీల వెడ్జ్ కొనుక్కోనా? అందరి సంచుల్లోనూ ఉంది, నాకే లేదు" అంది. వెడ్జ్ అంటే దగ్గరి దూరాలనుంచి బంతిని పైకి లేపే క్లబ్ (బంతిని కొట్టే కర్ర); 60 అన్నది దాని ముఖం వాలు. అప్పటికేదో చెప్పాను గాని నాకే తృప్తి అనిపించలేదు. ఎనిమిదేళ్ళ కిందట నేనూ అలాగే 60 కొనుక్కొచ్చుకుని, ఒక వేసవీ ఒక చలికాలమూ దాంతో అవస్థ పడ్డాను. గ్రీన్‌కి, అంటే హోల్ (గుంట), జెండా ఉండే నున్నటి గడ్డికి, డెబ్భై గజాల లోపల ఏ వెడ్జ్ తీయాలి, దాన్ని ఎలా కొట్టాలి అన్నది నాకు తెలిసినంతవరకు తనకోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు నేల సంగతి చెప్పాలి. నేను ఆడేది డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక మునిసిపల్ గోల్ఫ్ కోర్సులో, అంటే మైదానంలో. ఇక్కడిది నల్లరేగడి. ఈ ప్రాంతాన్ని బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు, మట్టికి హ్యూస్టన్ బ్లాక్ అని పేరు. నేను పెరిగింది నరసరావుపేట దగ్గర, పత్తీ మిరపా వేసే రేగడిలో. ఎండలకి నెర్రెలు విచ్చడం, వానకి చెప్పుల్ని పట్టుకుని వదలకపోవడం రెండు చోట్లా ఒకటే. ఇక్కడ ఎండాకాలంలో మట్టి ముడుచుకుపోయి ఇంటి పునాదులు కదలకుండా, గోడల చుట్టూ రబ్బరు పైపులు పరిచి నీళ్ళు పెడతారు. మొదటిసారి అది చూసినప్పుడు నాకు మా చేను గుర్తొచ్చింది.

2019లో నాన్న వచ్చినప్పుడు ఓ పొద్దున కోర్సుకి తీసుకెళ్ళాను. రాత్రంతా స్ప్రింక్లర్లు తిరిగి గ్రీన్ల చుట్టుపక్కల తడిగా ఉంది. ఏడో హోల్ దగ్గర నేను కొట్టిన 60, బంతికి నాలుగు వేళ్ళ వెనకే నేలలో దిగబడింది. బంతి రెండడుగులు కదిలి ఆగింది. నాన్న నా చేతిలో వెడ్జ్ తీసుకుని, దాని ముఖానికి అంటిన మట్టిని గోటితో గీకి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇది మన రేగడే గదమ్మా. పదును ఎక్కువుంది. దీంట్లో ఇంత సన్నంచు పెట్టి కొడితే దిగబడక ఏమయిద్ది?"

నాన్నకి గోల్ఫ్ తెలియదు. కానీ వెడ్జ్ బౌన్స్ గురించి నాకు అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు. మనకి పదును అంటే కత్తి వాదరా పదునే, దుక్కికి సరిపడేంత తేమ నేలలో ఉండటమూ పదునే. వెడ్జ్ ఎంచుకోవడమంటే ఈ రెండు పదునులకీ పొత్తు కుదర్చడం. మిగతా లెక్కలన్నీ ఆ తర్వాతే వస్తాయని నా నమ్మకం.

చిన్నప్పుడు గుంటక తోలేటప్పుడు నేల గట్టిగా ఉంటే నాన్న నన్ను బరువు కోసం గుంటక మీద కూర్చోబెట్టేవాడు. పదును బాగుంటే దింపేసేవాడు. గుంటక పాస, అంటే కింది ఇనప బద్ద, మరీ కిందికి వాలితే లోతుకి దిగిపోయి ఎద్దులు లాగలేవు. మరీ పైకుంటే కలుపు తెగదు, పాస పైపైన జారిపోతుంది. వెడ్జ్ అడుగుభాగం, అంటే సోల్ చేసే పనీ ఇదే. సోల్‌ని పక్కనుంచి చూడండి. ముందు అంచు కాస్త పైకి ఉండి, దాని వెనక సోల్ కిందికి ఉబ్బి కనిపిస్తుంది. ఆ ఉబ్బు కోణమే బౌన్స్. అది ఎక్కువుంటే వెడ్జ్ మెత్తని నేల మీద కూరుకోకుండా జారుతుంది, తక్కువుంటే గట్టినేల మీద కూడా అంచు బంతి కిందికి దూరుతుంది. వెడ్జ్ తల మీద 56, 12 అని రెండు అంకెలుంటే మొదటిది లాఫ్ట్, అంటే ముఖం వెనక్కి వాలిన కోణం, రెండోది బౌన్స్. నేను కొన్న 60కి బౌన్స్ 4. ఎండి బిగుసుకున్న నేల కోసం చేసిన వెడ్జ్‌ని తడి రేగడిలో దించుతున్నానన్నమాట.

ఈ ఉబ్బుకో చరిత్ర ఉంది. 1930ల మొదట్లో జీన్ సారజెన్ అనే ఆటగాడు, విమానం లేచేటప్పుడు రెక్కల పలకలు కదిలే తీరు చూసి ఆలోచన వచ్చిందని చెప్పుకున్నాడు. తన క్లబ్ వెనకవైపు కింద లోహం అతికించి, బంకర్ (ఇసుకగుంట) ఇసుకలో కూరుకుపోకుండా చేశాడు. 1932లో ఇంగ్లండ్‌లోని ప్రిన్సెస్ కోర్సులో బ్రిటిష్ ఓపెన్ టోర్నమెంటు గెలిచింది ఆ క్లబ్‌తోనే. ఇప్పటి శాండ్ వెడ్జ్‌లన్నీ దాని సంతానమే.

లాఫ్ట్ విషయానికొస్తే, ముందు సెట్‌తోపాటు వచ్చే మీ పిచింగ్ వెడ్జ్ ఎన్ని డిగ్రీలో తెలుసుకోండి. పాత సెట్లలో అది 48 దాకా ఉండేది. ఇప్పుడు బంతి దూరం వెళ్ళాలని 44కి, కొన్నిట్లో 43కి తగ్గించేశారు. నాది 44, ఎనభై అయిదు గజాలు వెళ్తుంది. నా 56 నిండు స్వింగ్‌తో యాభై ఎనిమిది. మధ్యలో ఇరవై ఏడు గజాల గొయ్యి! నాకు అసలు కావాల్సింది 50 డిగ్రీలది, నేను కొన్నది 60. ఇప్పుడు నా సంచిలో 44, 50, 56 ఉన్నాయి. 50కి బౌన్స్ 8, 56కి 12. సంచిలో 14 క్లబ్‌లకి మించకూడదన్న నియమం 1938లో అమెరికాలో వచ్చింది. మనలాంటి మామూలు ఆటగాళ్ళకి ఆ పద్నాలుగులో నాలుగో వెడ్జ్ కంటే ముందు ఉండాల్సినవి వేరే ఉన్నాయి. చెల్లీ, 60 ఇప్పుడే వద్దు. 50 కొనుక్కో.

ఇక గ్రీన్ పక్కకి వచ్చాక. నేను సంచి దగ్గరికి వెళ్ళకముందే బంతి పక్కన, ఆటకి అడ్డం రాని చోట, అరికాలితో నేలని నొక్కి చూస్తాను. మెత్తగా ఉందా, రాయిలా ఉందా, గడ్డి బంతిని పైకి ఎత్తి పట్టుకుందా, బంతి మట్టి మీదే కూర్చుందా. తర్వాత గడ్డి ఎటు వాలి ఉందో చూస్తాను. ఇక్కడ బెర్ముడా గడ్డి. దాని పోచలు ఒకవైపుకి పడుకుని పెరుగుతాయి. మనకి ఎదురుగా వాలి ఉంటే వెడ్జ్ అంచు వాటిలో చిక్కుకుని ఆగిపోతుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఈ గడ్డి నిద్రపోయి గోధుమరంగు చాప పరిచినట్టు ఉంటుంది. అప్పుడు బంతి కింద మెత్తదనమే ఉండదు.

ఆ తర్వాతే బంతి ఎక్కడ పడాలో చూస్తాను. గ్రీన్ అంచు దాటాక ఒక అంగ లోపల, చదునుగా ఉన్నచోట. అక్కణ్ణుంచి జెండా దాకా దొర్లాలి. మా గ్రీన్ల మీద చిన్న చిప్, అంటే బంతి కాస్త లేచి మిగతా దూరం దొర్లే దెబ్బ, కొడితే 56 గాల్లో ఎంత వెళ్తుందో సుమారు అంతే దొర్లుతుంది. 44 రెండింతలు, లాఫ్ట్ ఇంకా తక్కువుండే 8 ఐరన్ అనే క్లబ్ మూడింతలు. నిన్న పన్నెండో హోల్‌లో బంతి నుంచి గ్రీన్ అంచుకి నాలుగు అంగలు, అంచు నుంచి జెండాకి పదకొండు. ఒక అంగ లోపల పడాలంటే గాల్లో అయిదు, నేల మీద పది. ఒకటికి రెండు. పిచింగ్ వెడ్జ్ తీశాను. మీ గ్రీన్లు నిదానమైనవైతే ఈ లెక్క మారుతుంది. ఒక గంట కూర్చుని మీ అంకెలు మీరే కట్టుకోవాలి, వేరేవాళ్ళవి పనికిరావు.

కొట్టే తీరులో నాకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన సలహా "చేతులు ముందుకి పెట్టు" అన్నది. అబద్ధమని అనను. కాస్త ముందుకి ఉండాలి. కానీ షాఫ్ట్, అంటే క్లబ్ కాడ, ముందుకి ఎన్ని డిగ్రీలు వాలితే లాఫ్ట్ అన్ని తగ్గుతుంది, బౌన్సూ అన్నే తగ్గుతుంది. బౌన్స్ 4 ఉన్న వెడ్జ్‌ని పది డిగ్రీలు వాలిస్తే ఉబ్బు పూర్తిగా మాయమై, అంచు గునపంలా నేలకేసి నిలబడుతుంది. తడిలో నేను చేసిందదే. ఇప్పుడు పాదాలు దగ్గరగా పెట్టుకుని, బరువు సగం కంటే కొంచెం ఎక్కువ ఎడమకాలి మీద ఉంచి, బంతిని పాదాల మధ్యలో పెట్టుకుంటాను. చేతులు బంతికి రవ్వంత ముందు. మణికట్లతో లేపడం లేదు. ఛాతీ జెండావైపు తిరుగుతూ ఉంటే చేతులు దాంతోపాటే వస్తాయి. వెడ్జ్ గడ్డిని చీపురులా ఊడుస్తూ పోవాలి, ఆ చప్పుడు చెవికి తెలుస్తుంది. బంతి లేకుండా ఆ చప్పుడు వచ్చేదాకా నాలుగుసార్లు ఊపి, తర్వాతే కొడతాను.

నేల మెత్తగా ఉండి బంతి లేవాలంటే 56 ముఖం కొంచెం తెరుస్తాను. తెరిస్తే లాఫ్టూ బౌన్సూ రెండూ పెరుగుతాయి. అదే పని జనవరిలో గట్టి నేల మీద చేస్తే సోల్ నేలని తన్ని ఎగిరి, అంచు బంతి నడుముకి తగిలి, అది గ్రీన్ దాటి రోడ్డు దాకా పోతుంది. గట్టి నేల మీద నాకు పనికొచ్చిన పద్ధతి వేరు. బంతికి దగ్గరగా నిలబడి, షాఫ్ట్‌ని దాదాపు నిటారుగా పట్టుకుని, వెడ్జ్ మడమ, అంటే షాఫ్ట్ వైపు కొస, నేలని తాకకుండా అవతలి కొస మాత్రమే ఆన్చి, పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్) పట్టుకున్నట్టే పట్టుకుని దాంతో దొర్లించినట్టే ఊపడం. అంచు మొత్తం నేలకి తగలదు గనక చిక్కుకోదు. దెబ్బ కొంచెం చచ్చుగా తగులుతుంది కాబట్టి బంతి మెల్లగా పోతుంది.

అదీ కుదరకపోతే పటర్. ఫ్రింజ్, అంటే గ్రీన్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి మీంచి, దాని బయటి గడ్డి మీంచి పటర్‌తో కొట్టడానికి ఈ ఆటలో టెక్సస్ వెడ్జ్ అని పేరు. ఈ గట్టి నేలా ఈ గాలీ పుట్టించిన పేరది. డాలస్‌లో 1939లో పుట్టిన లీ ట్రెవినో అనే ఆటగాడు ఇలాంటి నేల మీదే బంతిని కిందుగా పంపడం నేర్చుకున్నాడు. 1972 బ్రిటిష్ ఓపెన్ చివరిరోజు మ్యూర్‌ఫీల్డ్ 17వ హోల్‌లో గ్రీన్ వెనకనుంచి ఆయన చిప్ చేసిన బంతి నేరుగా హోల్‌లో పడింది, పోటీలో ఉన్న టోనీ జాక్లిన్ చేతిలోకి వచ్చిన ఆట జారిపోయింది. బంతి ఎంత ఎత్తు లేచింది అన్నదానికి ఎవరూ మార్కులు వెయ్యరు.

మన తెలుగింటి కుర్రాడు సాహిత్ తీగల 2023 మాస్టర్స్ టోర్నమెంటు చివరిరోజు 16వ హోల్‌లో కొట్టింది చూశారా? 2005లో టైగర్ వుడ్స్ చిప్ చేసి హోల్‌లో వేసిన గ్రీనే అది. బంతిని జెండాకి దూరంగా, వాలు పైకి పంపాడు. అది అక్కడ తిరిగి, నిదానంగా దిగుతూ వచ్చి హోల్‌లో పడింది. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు, వాళ్ళమ్మానాన్నలవి మన హైదరాబాద్ మూలాలు. ఆ రోజు సోఫాలోంచి లేచి ఎంత గట్టిగా అరిచానో, పక్కగదిలోంచి పిల్లలు పరిగెత్తుకొచ్చారు. అతను గురిపెట్టింది జెండాకి కాదు, వాలు మీద ఒక చుక్కకి. అప్పట్నుంచి నేను సాధన చేసేటప్పుడు జెండాని చూడటం మానేసి, పడాల్సిన చోట ఒక చేతిరుమాలు పరుస్తున్నాను.

ఇరవై నుంచి డెబ్భై గజాల మధ్య దూరాలకి, బలం మార్చకుండా చెయ్యి ఎంత వెనక్కి వెళ్తుందో మార్చడం మంచిది. నా 50తో, చేతులు నడుము దాకా వెళ్తే ముప్పై అయిదు గజాలు, ఎడమచెయ్యి నేలకి సమాంతరం దాకా వెళ్తే యాభై, నిండుగా ఊపితే డెబ్భై రెండు. 56తో ఇరవై అయిదు, నలభై రెండు, యాభై ఎనిమిది. ఈ ఆరు అంకెలు ఒక కాగితం మీద రాసి సంచి జేబులో పెట్టుకున్నాను. రెండు నెలలు, వారానికి రెండు సాయంత్రాలు పట్టింది అవి నిలకడగా రావడానికి. వెడ్జ్ ముఖాన్ని ప్రతి షాట్‌కీ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. దాని మీది సన్నని గాళ్ళలో మట్టి ఉన్నా, గడ్డి తడి ఉన్నా బంతికి వెనక్కి తిరిగే స్పిన్ రాదు, దొర్లి దొర్లి పోతుంది.

ఒక్క చోట మాత్రం నాకింకా దారి దొరకలేదు. మా కోర్సు బంకర్లలో వానలకి ఇసుక కొట్టుకుపోయి, అరంగుళం కింద రేగడి తగులుతుంది. పుస్తకంలో చెప్పినట్టు 56 ముఖం తెరిచి కొడితే సోల్ ఆ మట్టి మీద ఎగిరిపడి బంతి నడుముకి తగులుతోంది. ఈమధ్య 50 తీసి, ముఖం తెరవకుండా సూటిగా పెట్టి, బంతికి ఒక అంగుళం వెనక దించుతున్నాను. పదిలో ఆరు బయటికొస్తున్నాయి, జెండాకి దగ్గరగా మటుకు ఆగడం లేదు. నిన్న ఫోన్‌లో నాన్నకి చెబితే, "కింద గట్టిగుండి పైన పొడిదుమ్ముంటే గుంటక కొంచెం పక్కవాటంగా తోల్తాం గదా, అట్టా చేసి చూడు" అన్నాడు. వెడ్జ్‌తో పక్కవాటం అంటే స్వింగ్ దారి ఎడమకి తిప్పడమే అవుతుంది. ఆదివారం పొద్దున్నే వెళ్ళి మూడో గ్రీన్ పక్క బంకర్‌లో ఒక ముప్పై బంతులు అలా కొట్టి చూస్తాను.