మందారం, గులాబీ, బోగన్‌విలియా: ఈ విడత కటింగ్స్ ఎంతవరకు వచ్చాయంటే

కటింగ్స్ అంటే మొక్క నుంచి కొమ్మ ముక్క కోసి, గుచ్చి, దానికే వేర్లు పట్టించడం. ఈ విడతలో మందారాలు దాదాపు అన్నీ పట్టేశాయి. గులాబీల్లో సగానికి కాస్త ఎక్కువే నిలిచాయి, బోగన్‌విలియా సంగతి ఇంకా తేలలేదు. రంగురంగుల ఆకుల కోలియస్ మొక్క కూడా పెట్టాను కానీ దాని గురించి రాయడానికి ఏమీ లేదు, అది గ్లాసు నీళ్ళలో పడేసినా వారం పది రోజుల్లో వేర్లు వదులుతుంది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు దాంతోనే చేయి తిప్పుకుంటే మంచిది.

కటింగ్స్ అనగానే అందరూ ముందు అడిగేది రూటింగ్ హార్మోన్, అంటే వేర్లు పుట్టించే మందు, ఏది వాడావు అని. వాడాను, దాని దగ్గరికి వస్తాను, కానీ నా లెక్కలో అది చాలా వెనక ఉంటుంది. కొమ్మని తల్లి మొక్క నుంచి కోయగానే దానికి నీళ్ళు అందే దారి తెగిపోతుంది, ఆకులు మాత్రం ఎప్పటిలాగే నీటిని గాలిలోకి వదులుతూనే ఉంటాయి, కింద కోసిన చోట పచ్చి గాయం ఉంటుంది, దాని చుట్టూ తడి ఉంటుంది, తడిలో బూజు ఉంటుంది. అంటే వేర్లు పుట్టేలోపు కొమ్మ పైనుంచి ఎండకూడదు, కిందనుంచి కుళ్ళకూడదు. పైన గాలిలో తేమ బాగా కావాలి, కింద మట్టిలో మాత్రం గాలి ఆడాలి. మనం మామూలుగా చేసేది దీనికి సరిగ్గా తిరగేసి: పైన గాలి పొడిగా వదిలేసి కింద రోజూ నీళ్ళు పోస్తాం.

కొమ్మ ఎంపిక. మందారానికి మరీ లేత చిగురు వద్దు, మరీ చెక్కబారింది వద్దు. వంచితే కాస్త వంగి, ఇంకా వంచితే పుటుక్కుమనేటట్టు ఉండాలి, బెరడు ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకి తిరుగుతూ ఉండాలి. గులాబీకి ఇంకో గుర్తు ఉంది: ముల్లుని పక్కకి నెడితే బెరడు చీలకుండా టక్కున ఊడిరావాలి, అలా ఊడితే ఆ కొమ్మ సరైన వయసులో ఉన్నట్టు. ఇటీవలే పూసి వాడిన కొమ్మలు ఎక్కువగా ఈ స్థితిలోనే దొరుకుతాయి. బోగన్‌విలియాకి మాత్రం పెన్సిల్ మందం, ముదురు కొమ్మే తీసుకున్నాను. ఎరువు బాగా పడి ఏపుగా, లావుగా, నీరు పట్టినట్టు పెరిగిన కొమ్మలు చూడ్డానికి ఆశ పుట్టిస్తాయి గానీ అవే ముందు కుళ్ళుతాయి. తల్లి మొక్కకి ముందురోజు నీళ్ళు బాగా పోసి పొద్దున్నే కోయాలి, అప్పుడు కొమ్మలో నీరు నిండుగా ఉంటుంది. కోసినవి వెంటనే తడిగుడ్డలో చుట్టి పెట్టాను.

పొడవు పది నుంచి పదిహేను సెంటీమీటర్లు, మూడు నాలుగు కణుపులు ఉంటే చాలు. కింద కోత కణుపుకి సరిగ్గా దిగువన ఉండాలి. చాలా మొక్కల్లో వేర్లు ఎక్కువగా కణుపు దగ్గరే పుడతాయి. పైగా కణుపు కింద పొడవుగా మిగిలిన ముక్క ఊరికే కుళ్ళి పైకి పాకుతుంది. కత్తెర పదునుగా ఉండాలి, స్పిరిట్‌తో తుడవాలి, మొద్దు కత్తెర బెరడుని నలిపేస్తుంది. కింది కోత ఏటవాలుగా, పై కోత అడ్డంగా కోస్తాను, అది పెద్ద శాస్త్రం ఏమీ కాదు, తల ఏదో తోక ఏదో కలిసిపోకుండా. ఆకులన్నీ తీసేశాక బోగన్‌విలియా ముక్కల్లో నిజంగానే తెలియదు, తలకిందులుగా గుచ్చితే పట్టడం కష్టం. ఎందుకంటే వేర్లు పుట్టించే ఆక్సిన్ అనే హార్మోన్ కొమ్మలో చిగురు వైపు నుంచి మొదలు వైపుకే ప్రయాణిస్తుంది, మనం ఎలా గుచ్చామన్నదాంతో దానికి సంబంధం లేదు.

ఆకుల విషయంలో రెండు వర్గాలున్నాయి, అన్నీ పీకేసేవాళ్ళు, ఏదీ పీకనివాళ్ళు. కొమ్మ లేతగా ఉన్నకొద్దీ ఆకు అవసరం ఎక్కువ, ఎందుకంటే వేరుకి కావాల్సిన తిండిలో కొంత ఆకే తయారుచేయాలి. ముదురు కొమ్మలో నిల్వ ఉంటుంది కాబట్టి ఆకు లేకపోయినా నడుస్తుంది. మందారానికి పైన రెండు ఆకులు ఉంచి వాటినీ సగానికి కత్తిరించాను, గులాబీకి ఒకే ఆకు రెమ్మ ఉంచాను. మొగ్గ కనిపిస్తే మాత్రం జాలిపడకుండా గిల్లేయాలి, ఉన్న కాస్త శక్తీ పువ్వుకి పోతుంది.

ఇక హార్మోన్. నేను వాడింది ఐబీఏ పౌడర్, అంటే ఇండోల్ బ్యుటిరిక్ యాసిడ్‌ని టాల్కమ్‌లో కలిపింది. ఆక్సిన్లకి వేర్లు పుట్టించే గుణం ఉందని 1930లలోనే తేలింది, ఇప్పటికీ ఎక్కువగా వాడేది ఈ ఐబీఏనే. లేత కొమ్మలకి 0.1 శాతం, సగం ముదిరినవాటికి 0.3, గట్టి చెక్కకి 0.8 అని స్థూలంగా లెక్క. ఎక్కువ వేస్తే ఎక్కువ వేర్లు రావు, మొదలు నల్లబడుతుంది, పై మొగ్గలు నిద్రపోతాయి. డబ్బాలో నేరుగా ముంచకండి, కొంచెం మూతలోకి వంపుకుని అందులో అద్ది మిగిలింది పారేయండి, లేకపోతే ఒక కొమ్మ బూజు డబ్బా మొత్తానికి ఎక్కుతుంది. డబ్బాని వెలుతురు తగలకుండా చల్లటి చోట పెట్టాలి, పాతబడ్డ పౌడర్ ఉట్టి పౌడరే. తేనె, దాల్చినచెక్క పొడి గురించి కూడా అడుగుతుంటారు. దాల్చినచెక్క బూజుని కొంత ఆపుతుంది, వేరు పుట్టించదు. తేనెలో కూడా వేరు హార్మోన్ లేదు.

గులాబీకి, బోగన్‌విలియాకి పౌడర్ అద్దేముందు కొమ్మ అడుగున ఒకపక్క రెండు సెంటీమీటర్ల మేర బెరడుని పలచగా గీరాను. గీరినచోట లోపలి పచ్చటి పొర బయటపడి హార్మోన్‌నీ, తడినీ బాగా పీల్చుకుంటుంది, తర్వాత చూస్తే గులాబీల్లో వేర్లు ఆ గీత అంచుల వెంటే వరుసగా వచ్చాయి. హార్మోన్‌ కంటే ఈ గీతే ఎక్కువ పని చేసిందని నా అనుమానం.

మట్టి అంటే మట్టి కాదు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం, పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలు) సగం. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, కాబట్టి నానబెట్టి, పిండి, నీళ్ళు మార్చి మళ్ళీ పిండాలి. పెర్లైట్ లేకపోతే కడిగిన గరుకు ఇసుక వేసుకోవచ్చు, సన్న ఇసుక మాత్రం గాలి ఖాళీలన్నీ పూడ్చేస్తుంది. వర్మీకంపోస్ట్, పశువుల ఎరువు ఏదీ వద్దు, వేరే లేనప్పుడు తినేదెవరు, ఆ ఎరువు బూజుకే భోజనం. మిశ్రమాన్ని గుప్పిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు.

ఈసారి పొట్టి కప్పులు మానేసి పొడుగు గ్లాసులు తీసుకున్నాను, ఫలితంలో తేడా కనిపించింది. ఏ కుండీలో అయినా నీళ్ళు కారిపోయాక అడుగున కొంత ఎత్తు వరకు తడి నిండిపోయి ఉంటుంది, ఆ ఎత్తు కుండీ పొడుగుని బట్టి మారదు, మిశ్రమాన్ని బట్టే ఉంటుంది. పొట్టి కప్పులో కొమ్మ మొదలు సరిగ్గా ఆ బురదలోనే నిలబడుతుంది, పొడుగు గ్లాసులో దానికి పైన ఉంటుంది. గ్లాసులు పారదర్శకమైనవి తీసుకుని ఒక్కోదాన్నీ రంగు గ్లాసులోకి దించాను, వేర్లు చూడాలంటే పైకి లాగి చూసి మళ్ళీ చీకట్లోకి దించేయడమే. కొమ్మని నేరుగా గుచ్చితే పౌడర్ అంతా పైనే రాలిపోతుంది, ముందు పుల్లతో రంధ్రం చేసి అందులో పెట్టి చుట్టూ వేళ్ళతో అదమాలి. పేరు, తేదీ పెన్సిల్‌తో రాయండి, మార్కర్ ఎండకి వెలిసిపోతుంది.

అన్నిటినీ ఒక పెద్ద పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత వేశాను. కిటికీ దగ్గర, వెలుతురు బాగా ఉండి ఎండ నేరుగా పడని చోటు. మూసిన డబ్బా మీద ఎండ అరగంట పడినా లోపల ఉడికిపోతాయి. చాలా మొక్కలకి మొదలు దగ్గర 21 నుంచి 25 డిగ్రీలు ఉంటే హాయి. నీళ్ళు పోయాలా వద్దా అన్నది డబ్బా గోడలు చూస్తే తెలిసిపోతుంది: పొద్దున సన్నగా ఆవిరి పట్టి ఉంటే సరిపోయింది, ధారలుగా కారుతుంటే ఎక్కువైంది, ఏమీ లేకపోతే కాస్త స్ప్రే కొట్టాలి. రోజుకోసారి మూత తీసి కాసేపు గాలి ఆడనివ్వాలి, రాలిన ఆకు కనిపిస్తే అప్పుడే ఏరేయాలి. పేపర్ మీద ఇంతే, అసలు కష్టం ముట్టుకోకుండా ఉండడం.

మొదటి వారంలో ఏమీ జరగలేదు, జరగకపోవడమే మంచి వార్త. రెండో వారానికి గులాబీల్లో కొన్ని అడుగు నుంచి నల్లబడడం మొదలైంది, వాటిని వెంటనే బయటికి లాగేశాను, నల్లబడిన కొమ్మ కోలుకోదు, పక్కవాటికి అంటిస్తుంది. అదే సమయానికి మిగిలినవాటిలో చిగుళ్ళు కదిలాయి, ఇక్కడే చాలామంది సంబరపడిపోయి మూత తీసేస్తారు. చిగురు వచ్చిందంటే వేరు వచ్చినట్టు కాదు. కొమ్మలో దాచుకున్న డబ్బుతో ఆకులు కొనుక్కుంటోంది, అంతే, ఇంకా సంపాదన మొదలవలేదు. గులాబీలో ఇది మరీ ఎక్కువ, పచ్చగా చిగురేసి, మనం స్నేహితులకి ఫొటోలు పంపాక, ఒకరోజు ఉన్నట్టుండి తల వాల్చేస్తుంది. కోత దగ్గర తెల్లగా బుడిపెలా పెరిగే కాలస్ కూడా వేరు కాదు, గాయం మానుతోందని మాత్రమే.

పోలిక కోసం రెండు మందారాలని నీళ్ళ గ్లాసులో కూడా పెట్టాను. వాటి కాండం మీద నీళ్ళలో మునిగినంత మేర తెల్లటి చుక్కలు ఉబ్బాయి, చూసినవాళ్ళంతా వేర్లు వచ్చేశాయన్నారు. అవి బెరడులోని గాలి రంధ్రాలు, నీళ్ళలో గాలి చాలక అలా ఉబ్బుతాయి. అసలు వేర్లు తర్వాత వచ్చాయి గానీ నీళ్ళలో పుట్టిన వేరు పెళుసుగా ఉండి మట్టిలోకి మార్చగానే మొరాయిస్తుంది. అలా పెట్టేవాళ్ళు వేర్లు చాంతాడంత అయ్యేదాకా ఆగకుండా రెండు మూడు సెంటీమీటర్లు ఉండగానే మార్చేయండి.

మధ్యలో సన్నటి నల్ల ఈగలు వచ్చాయి, కోకోపీట్ ఎప్పుడూ తడిగా ఉంటే వచ్చేవే. ఎగిరేవి హాని చేయవు, వాటి పురుగులు మాత్రం కొత్త వేర్లని కొరుకుతాయి. పసుపు జిగురు కార్డు ఒకటి పెట్టి, పైపొర మీద పొడి ఇసుక పలచగా చల్లాను, తగ్గాయి.

మందారాలకి నెల దాటాక గ్లాసు గోడ పక్కన తెల్లటి వేర్లు కనిపించాయి. అప్పుడే మార్చలేదు, ఒంటి వేరు చాలదు, దానికి పిల్ల వేర్లు చీలాలి, మిశ్రమాన్ని పట్టుకుని ముద్దలా ఊడిరావాలి. మూత కూడా ఒక్కసారి తీయకుండా మొదట ఒక గంట, తర్వాత పూట, తర్వాత పగలంతా, ఇలా వారం పైనే పట్టించాను. మూత కింద పెరిగిన ఆకుకి పొడిగాలి అలవాటు ఉండదు. ఇప్పుడు అవి చిన్న కుండీల్లో, నీడలో ఉన్నాయి, కొత్త ఆకు విప్పుకున్నాక లేబుల్ మీద రాసినదాంట్లో నాలుగో వంతు మోతాదులో ద్రవ ఎరువు మొదలుపెడతాను.

గులాబీల్లో నిలిచినవాటికి వేర్లు సన్నగా ఉన్నాయి, ఇంకొన్నాళ్ళు డబ్బాలోనే. బోగన్‌విలియాలు పచ్చగానే ఉన్నాయి, గోటితో గీరితే లోపల పచ్చదనం ఉంది, వేరు జాడ మాత్రం లేదు. ముదురు కొమ్మకి రెండు మూడు నెలలు పట్టడం మామూలే కాబట్టి టెన్షన్ లేదు. వీటి వేర్లు తాకితే తెగిపోతాయి, అందుకని మార్చే రోజు వచ్చినప్పుడు గ్లాసుని తలకిందులు చేసి తట్టకుండా, పక్కనుంచి కత్తిరించి తెరిచి, ముద్దని ముద్దగానే కుండీలోకి దించాలి. అప్పటిదాకా వాటి డబ్బాని రోజూ తెరిచే పని కూడా పెట్టుకోవడం లేదు, వారానికి రెండుసార్లు గోడల మీద ఆవిరి చూసుకుని వదిలేస్తున్నాను.