బోరు నీళ్ల రిపోర్టు కోసం మూడుసార్లు తిరిగాను

రిపోర్టు నిన్ననే చేతికొచ్చింది. ఫ్లోరైడ్ 2.8 అని ఉంది. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా పర్వాలేదంటారు. ఇవి మా ఊరి బడి ముందున్న చేతిపంపు నీళ్లు.

మాది ప్రకాశం జిల్లా పడమటి వైపు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బును, మొదట గుర్తించి రాసింది మా వైపు పల్లెల్లోనే, 1937లో. అప్పుడివి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఇన్నేళ్లయినా, మా అక్క కూతురి పళ్ల మీద గోధుమ రంగు చారలు వచ్చేదాకా నేనూ పట్టించుకోలేదు. "సరిగ్గా తోముకోవే" అని దాన్ని కోప్పడ్డాను కూడా. తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

శాంపిల్ పట్టడం తేలికే. పంపు కాసేపు కొట్టి వదిలేసి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను ఆ నీళ్లతోనే రెండు మూడుసార్లు కడిగి, లీటరు పట్టాలి. ఊరు, చోటు, తేదీ, టైము రాసి అంటించాలి. నేను మొదటిసారి కూల్‌డ్రింక్ బాటిల్‌లో పట్టుకెళ్లాను, నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్ వాళ్లు తిప్పి పంపారు. అది నా తప్పే.

రెండోసారి జరిగింది మాత్రం మర్చిపోలేను. కౌంటర్లో ఉన్నాయన నన్ను గంటన్నర నిలబెట్టి, అందరి ముందూ "నువ్వెవరు? సర్పంచివా? ఏ పార్టీ వాళ్లు పంపించారు?" అన్నాడు. తర్వాత సీసా తీసుకుని కిటికీ వైపు ఎత్తి చూశాడు. "తేటగా ఉన్నాయి కదయ్యా, ఇందులో ఏముందని?" అంటూ బల్ల మీద పెట్టేశాడు. పక్కనున్న వాళ్లు నవ్వారు. నాకు నోట మాట రాలేదు.

నీళ్లు పరీక్ష చేసే ఆఫీసులో కూర్చుని కంటితో చూసి చెప్పేస్తారా? ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. గంగ ఒడ్డున బిహార్, బెంగాల్ పల్లెల్లో బోర్లలో ఉండే ఆర్సెనిక్ కూడా అంతే. మా పెదనాన్న మెడ తిప్పలేడు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూడాలి. ఆయన జీవితమంతా తాగింది ఇలాంటి తేట నీళ్లే.

మూడోసారి పంచాయతీ సెక్రటరీ గారి లెటర్‌తో వెళ్లాను. ఆయన అడగ్గానే రాసిచ్చారు. ల్యాబ్‌లో మేడమ్ మొదట కిట్‌తో పరీక్ష చేసి చూపించారు. మందు చుక్కలు పడగానే వచ్చిన గులాబీ రంగు నా కళ్ల ముందే పసుపుకు తిరిగింది, ఫ్లోరైడ్ ఎక్కువుందన్నమాట. "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నారండీ?" అని మెల్లగా అడిగారు.

మీరు వెళ్లేటట్టయితే లెటర్ నకలు మీద స్టాంపు వేయించుకోండి, లేకపోతే మీరు రానే లేదంటారు. సోమవారం వద్దు, అందరూ గ్రీవెన్స్‌కి పోతారు. నీళ్లు కాచి తాగితే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కాగితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

ఇవాళ పొద్దున హెడ్‌మాస్టర్ గారు బడికి ప్లాంటు నీళ్ల క్యాన్లు తెప్పించారు. ఈ నీళ్లు తాగొద్దని గుర్తుగా పంపుకు ఎర్ర రంగు వేయించడానికి వారం పడుతుందట. అన్నాళ్లు ఆగలేను. పెయింటు డబ్బా, బ్రష్షు కొన్నాను, సాయంత్రం బడి వదిలేలోపు వేసేస్తాను.