కారొలీన్‌కి తెలిసిపోయిందా?

రాత్రి పదకొండు దాటింది. పెద్దమ్మకి చదివి వినిపిస్తున్న నవల ఇందాకే పూర్తయింది. 27 అధ్యాయాలకి 19 రాత్రులు పట్టింది. నేను ఇంగ్లీషులో చూసుకుంటూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పుకుపోతుంటే, ఆవిడ మంచం మీద గోడకి చేరగిలబడి ఊఁ కొట్టేది. చూపు మసకబారి చదవడం మానేసి మూడేళ్ళయింది. ఒకప్పుడు వారపత్రిక ఇంటికొస్తే, సీరియల్ ఆవిడ చదివాకే మిగతావాళ్ళ చేతికి వెళ్ళేదట.

నవల అగాథా క్రిస్టీ రాయగా 1926లో పుస్తకంగా వచ్చిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్'. గుట్టు విప్పకుండా దీని గురించి మాట్లాడటం నా వల్ల కాదు. చదవాలనుకుంటున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

కింగ్స్ ఆబట్ అనే పల్లెటూళ్ళో డాక్టర్ జేమ్స్ షెపర్డ్, పెళ్ళికాని అక్క కారొలీన్‌తో ఉంటాడు. కథంతా అతనే చెబుతాడు. ఊళ్ళో బాగా డబ్బున్న మనిషి రోజర్ అక్రాయిడ్ తన గదిలోనే కత్తిపోటుకి చచ్చిపోతాడు. షెపర్డ్ పక్కింట్లో సొరకాయల్లాంటి కాయలు పండించుకుంటున్న పెద్దమనిషి పేరుమోసిన డిటెక్టివ్ హెర్క్యూల్ పాయిరో అని తేలుతుంది. చివరికి చూస్తే, చంపినవాడు ఇంతసేపూ మనకి కథ చెప్పిన డాక్టరే.

మధ్యాహ్నం ఆఫీసులో క్యారేజీలు విప్పినప్పుడు కూడా ఇదే గొడవ. మా సెక్షన్లో కొత్తగా చేరిన అమ్మాయికి పుస్తకం నేనే ఇచ్చాను. నిన్న రాత్రి పూర్తి చేసిందట, ముఖం ఎర్రగా పెట్టుకుని వచ్చింది. "కథ చెప్పేవాడే హంతకుడైతే ఇంక ఎవర్ని నమ్మాలి మేడమ్? ఇది అన్యాయం" అంది. మా సూపరింటెండెంట్ గారు పెరుగన్నం కలుపుతూనే, "ఒక్క అబద్ధం చెప్పాడేమో చూపించమ్మా" అన్నారు.

ఆయన అన్నది నిజమే. హత్య జరిగిన రాత్రి అక్రాయిడ్‌కి ఒక ఉత్తరం ఎనిమిది నలభైకి వచ్చిందని, తను ఎనిమిదీ యాభైకి బయటికొచ్చానని, అప్పటికీ అక్రాయిడ్ ఆ ఉత్తరం చదవడం పూర్తి కాలేదని షెపర్డ్ రాస్తాడు. ప్రతి మాటా నిజమే. ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో మాత్రం చెప్పడు. డిగ్రీ రెండో ఏడాదిలో మొదటిసారి చదివినప్పుడు నాక్కూడా ఒళ్ళుమండి పుస్తకం మంచం మీద పడేశాను. ఆ రాత్రే మళ్ళీ తీసి ఆ పేజీ వెతుక్కున్నాను.

ఈ తగువు దాదాపు వందేళ్ళ నాటిది. పాఠకుడన్నాక అందర్నీ అనుమానించాల్సిందేనని మరో డిటెక్టివ్ నవలల రచయిత్రి డొరొతీ సేయర్స్ క్రిస్టీ పక్షాన నిలబడింది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాస్తూ, డిటెక్టివ్ పక్కనుండే స్నేహితుడు తన మనసులోకి వచ్చిన ఏ ఆలోచననీ పాఠకుడి దగ్గర దాచకూడదన్నాడు. నేను సేయర్స్ పక్షం. అయినా నాకు రుచించని చోటు ఒకటుంది. చచ్చిపోయిన మనిషి ఇంకా మాట్లాడుతున్నట్టు వినిపించడానికి డాక్టరు, మాటల్ని రికార్డు చేసి తిరిగి వినిపించే డిక్టాఫోనుకి గడియారం యంత్రం బిగించి పెడతాడు. అది తలుపు దగ్గరికి కనపడకుండా కుర్చీ ఒకటి అడ్డం జరుపుతాడు. ఆ సమయంలో ఎవరో ఒకరు తలుపు తోసుకుని లోపలికి వచ్చుంటే? పథకమంతా ఒక్క గొళ్ళెం మీద వేలాడుతోంది. అక్రాయిడ్ తమ్ముడి కూతురు ఫ్లోరా ప్రేమ కథ కూడా నాకు చప్పగానే అనిపిస్తుంది.

ఆ అమ్మాయిని ఒప్పించలేకపోయాను. చేతులు కడుక్కుని ఎవరి సీట్లోకి వాళ్ళం వెళ్ళాం.

పెద్దమ్మకి ఈ న్యాయాన్యాయాల చర్చ పట్టనే లేదు. మొదటి రాత్రి నుంచీ ఆవిడ ధ్యాసంతా కారొలీన్ మీదే. గుమ్మం దాటకుండా, పాలవాడి నోటా పనిమనిషి నోటా ఊరి సంగతులన్నీ రాబట్టే మనిషి. తమ్ముడు ఆమెని ముంగిసతో పోలుస్తాడు. ఆ మాటకి పెద్దమ్మకి కోపం వచ్చింది. "ఇంట్లో కూర్చుని అన్నీ ఆలోచించుకునే ఆడదాన్ని ముంగిస అంటాడా? వాడి బుద్ధి ఏదో తేడాగా ఉంది" అంది. రెండో రాత్రే అంది ఆ మాట! నేను పెదవి విప్పలేదు.

ఊళ్ళోనే ఉండే మిసెస్ ఫెరర్స్ అనే ఆవిడ మొగుడికి విషం పెట్టిందని, ఆ కుమిలిపోవడం వల్లే తనూ ప్రాణం తీసుకుందని మొదటి అధ్యాయంలోనే కారొలీన్ చెప్పేస్తుంది. తమ్ముడు కొట్టిపారేస్తాడు. ఆవిడని బెదిరించి డబ్బు గుంజింది తనే కదా మరి. హత్య జరిగిన రోజు పొద్దున డాక్టరు దగ్గరికి వచ్చిన రోగులెవరని పాయిరో అడిగితే, కారొలీన్ సంబరంగా ఒక్కొక్కరినీ లెక్కపెట్టి చెబుతుంది. అందులో ఓడ మీద పనిచేసే స్టీవార్డ్ కూడా ఉంటాడు. రాత్రి స్టేషన్ నుంచి డాక్టరుకి ఫోన్ చేసింది అతనే. తమ్ముడి పీకకి ఉచ్చు బిగించే ఆధారాన్ని, ఏమీ తెలియకుండా అక్కే అందించింది. ఇది విన్నప్పుడు పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

ఇవాళ చివరి అధ్యాయం. పాయిరో డాక్టరుకి ఒక దారి వదిలిపెడతాడు. మోతాదు మించి నిద్రమందు. అదీ అక్క ముఖం చూసి. అక్కకి నిజం ఎప్పటికీ తెలియదని, తనకోసం ఏడ్చినా ఆ దుఃఖం తీరిపోతుందని షెపర్డ్ రాసుకుంటాడు.

"తెలియదా?" అంది పెద్దమ్మ. "జేమ్స్ మెతక మనిషి, నేను కనిపెట్టుకుని ఉండకపోతే వాడేమయ్యేవాడో అని పాయిరో ఎదుటే అందిగా. అంటే వాడి సంగతి ఆమెకి ఎప్పుడో తెలుసు."

1998లో పియేర్ బయార్ అనే ఫ్రెంచి ప్రొఫెసర్ ఏకంగా ఓ పుస్తకమే రాశాడని, అక్రాయిడ్‌ని చంపింది కారొలీనే, ఆమెని కాపాడటానికే డాక్టరు నేరం నెత్తినేసుకున్నాడని వాదించాడని చెప్పాను. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"అంత దూరం ఎందుకే? ఆమె చంపలేదు. పొద్దున లేచి తమ్ముణ్ణి అలా చూసిన నిమిషానికే అంతా అర్థమవుతుంది. ఊరందరి సంగతులూ చెప్పే మనిషి ఆ ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పదు."

పదేళ్ళలో ఈ నవల మూడుసార్లు చదివాను. ఆ మర్నాటి పొద్దుటి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. పుస్తకం అక్కడిదాకా వెళ్ళదు. ఖాళీ ఇంట్లో కారొలీన్ ఒక్కతే, గుమ్మంలో పాలవాడు, ఏమైందమ్మా అని అడుగుతూ.

లైటు తీసేద్దామని లేచాను. రేపటి నుంచి మళ్ళీ మొదటి అధ్యాయం చెప్పమంది. ఈసారి అక్క మాట్లాడే చోట్ల తొందరపడకుండా నెమ్మదిగా చదవాలట.